కొత్త బ్యాటరీ - బండికి బిగించుటకు ముందు

కొత్త మట్టికుండను సంతనుండి తెచ్చిన ఇల్లాలు ఆ పూటనే దానిలో ఎసరు పెట్టదు. ఒక రాత్రి నీటిలో నానవేసి, గంజి కాచి, కుండ గట్టిపడిన పిమ్మటనే అన్నము వండును. కొత్త రుబ్బురోలు ఇంటికి వచ్చినచో ముందు తవుడు వేసి రుబ్బి, రాతిపొడి పోయిన తరువాతనే పప్పు వేయును. కొత్తది గనుక పనికి సిద్ధముగా నున్నదని ఆమె యెన్నడును తలపదు. కొత్తదానిని సిద్ధపరచుటయే మొదటి పని యని ఆమెకు తెలియును. అదే యింటిలో వేల రూపాయలు పెట్టి కొన్న కారు బ్యాటరీ విషయమున మాత్రము ఈ వివేకము కానరాదు. అట్టపెట్టె విప్పుదుము, తీగలు బిగింతుము, తాళపుచెవి త్రిప్పుదుము. ఇంజను పలికినచో బ్యాటరీ బాగున్నదందుము. పలుకనిచో తయారుచేసినవారిని, అమ్మినవారిని, చివరకు మన గ్రహచారమును కూడ నిందింతుము.

మేమును ఒకప్పుడు అట్లే చేసితిమి. దాని ఫలము ఎట్లుండెనో ముందు చెప్పుదుము.

2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను శ్రీకాకుళము జిల్లాలో పలాసకు సమీపమున తీరము దాటినది. ఉద్దానములోని కొబ్బరితోటలు, జీడితోటలు నేలకొరిగినవి. విద్యుత్ స్తంభములు విరిగి పెక్కు గ్రామములు దినముల తరబడి చీకటిలో నుండెను. మా అక్కగారి ఇల్లు ఆ ప్రాంతమున నున్నది. ఆ యేడు జూన్ నెలలో మా బావగారు తమ కారు కొరకు ఒక కొత్త బ్యాటరీని కొనిరి. పాతది ఇంకను నడచుచున్నది గదా యని, కొత్తదానిని పెట్టెతోనే రేకుల కప్పు గల సామానుల గదిలో నుంచిరి. తుపాను వచ్చుచున్నదని రేడియోలో వినగానే, ఇట్టి సమయమున పాతదానిని నమ్మరాదని తలచి, ఇంటనున్న మేమందరమును కలిసి దానిని తీసివేసి కొత్తది బిగించితిమి. బండి కదలినది. ఊరిలోనే రెండు మూడు మారులు తిరిగి వచ్చినది. మాకు నిశ్చింత కలిగినది.

తుపాను వెలిసిన తరువాత కరెంటు లేకపోవుటచే, మా ఫోనులే గాక ఇరుగుపొరుగువారి ఫోనులను కూడ ఆ కారులోనే ఛార్జి చేసితిమి. మూడవనాడు, దారికి అడ్డముగా పడిన చెట్లను నరికి త్రోవ చేసిన పిమ్మట, మూత్రపిండముల వ్యాధితో బాధపడుచున్న మా బావగారి తల్లిగారిని డయాలిసిస్ నిమిత్తము పట్టణమునకు తీసికొనిపోవలసివచ్చెను. ఆమెను వెనుక సీటులో పరుండబెట్టి తాళపుచెవి త్రిప్పగా, టిక్కుటిక్కుమను చప్పుడు తప్ప వేరు ధ్వని రాలేదు. ఊరంతయు గాలించి ఒక రైతు ట్రాక్టరును పిలిపించి, దాని బ్యాటరీతో తీగలు కలిపి, బండిని కదలించుసరికి మూడు గంటలు గడచినవి. పెద్దావిడ ఆ మూడు గంటలును ఆయాసపడుచు సీటులోనే యుండిరి. దైవానుగ్రహమున ప్రాణాపాయము కలుగలేదు.

తరువాత వచ్చిన మెకానిక్కు బ్యాటరీ మూతలు విప్పి, గాజుగొట్టముతో లోని ద్రవమును పీల్చి చూచి, "బేటరీ కొత్తదే గానీ బాబూ, దీని కడుపులో ఏటీ నేదు" అనెను. ఆ యొక్క మాటలో మా పొరపాటంతయు నున్నది. ఆ మాట వెనుకనున్న శాస్త్రమును, అట్టి పొరపాటు మరియొక యింట జరుగకుండుటకు చేయవలసిన పనులను వివరించుటయే ఈ ప్రసంగము యొక్క ఉద్దేశము.

బ్యాటరీ యనగా విద్యుత్తును నీటివలె నిలువచేయు తొట్టి యని చాలమంది తలంపు. అది సరికాదు. విద్యుత్తు దానిలో రసాయనమార్పు రూపముననే దాగియుండును. 1859లో గాస్టన్ ప్లాంటే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు సీసపు రేకులను పలుచని గంధకికామ్లములో ముంచి, మరల మరల ఛార్జి చేయదగిన బ్యాటరీని మొదటిసారి నిర్మించెను. 1881లో కామిల్ ఫోర్ అను మరియొక ఫ్రెంచివాడు సీసపు ఆక్సైడు ముద్దను రేకులపై పూసి దాని శక్తిని పెంచెను. నేడు మన కార్లలో, ట్రాక్టర్లలో, ఆటోలలో నున్న బ్యాటరీలు ఈ వంశమునకు చెందినవే. లిథియమ్ బ్యాటరీల జాతి వేరు. ఇచట చెప్పబోవునది వానికి వర్తింపదు.

పన్నెండు వోల్టుల బ్యాటరీలో ఆరు గదులుండును. ఒక్కొక్క గది రెండు వోల్టులకు కొంచెము పైగా ఇచ్చును. ప్రతి గదిలోను రెండు విధములైన ప్లేట్లు గలవు. ధనధ్రువపు ప్లేటుపై ముదురు గోధుమరంగు సీసపు డయాక్సైడు, ఋణధ్రువపు ప్లేటుపై బూడిదరంగు మెత్తని సీసము ఉండును. ఈ రెంటి నడుమ నుండునది పలుచని గంధకికామ్లము. దానినే వ్యవహారమున యాసిడ్ అందుము. బ్యాటరీ మనకు విద్యుత్తు నిచ్చునపుడు యాసిడ్‌లోని గంధకాంశము రెండు ప్లేట్లను పట్టుకొని సీసపు సల్ఫేటుగా మారును. ద్రవము క్రమముగా నీరగుచుండును. ఛార్జి చేయునపుడు దీనికి విపర్యయము జరుగును. సల్ఫేటు విడిపోయి ద్రవములో కలిసి, యాసిడ్ మరల చిక్కబడును. మెకానిక్కు గాజుగొట్టముతో చూచినది ఈ చిక్కదనమునే. ఆ గొట్టమునకు హైడ్రోమీటరని పేరు.

ఇక ఆ సల్ఫేటు సంగతి. పంచదార పాకము క్రొత్తగా అంచున పేరుకొన్నచో వేడినీటితో కడుగగానే కరిగిపోవును. అదే పాకమును నెలల తరబడి వదలివేసినచో పటికబెల్లపు పలుకులవలె గట్టిపడును. అపుడెంత కడిగినను ఊడిరాదు. సీసపు సల్ఫేటు స్వభావమును ఇట్టిదే. అప్పుడే ఏర్పడిన సల్ఫేటు మెత్తని పొడిగా నుండి, ఛార్జి చేయగానే కరగును. ఖాళీ కడుపుతో వారములు, నెలలు పడియున్న బ్యాటరీలో అది పెద్ద స్ఫటికములుగా గట్టిపడి ప్లేట్లను కప్పివేయును. ఆ మేరకు బ్యాటరీ శక్తి శాశ్వతముగా పోవును. కావున బ్యాటరీకి ఖాళీ యగుట కంటె ఖాళీగా నుండుట ఎక్కువ కీడు చేయును.

"బండికి బిగింపనే లేదు గదా, ఖాళీ యెట్లయినది?" అని అడుగవచ్చును. యాసిడ్ పోసిన క్షణమునుండి, తీగ తగిలించినను తగిలింపకున్నను, లోపల రసాయనమార్పు మెల్లగా జరుగుచునే యుండును. అడుగున సన్నని చెమ్మ గల కుండలోని నీరువలె ఛార్జి తరుగుచుండును. కాల్షియమ్ కలిపిన సీసముతో చేసిన నేటి బ్యాటరీలలో ఈ తరుగుదల తక్కువ. చల్లని చోట నెలకు నూటికి అయిదు పాళ్లకు లోపుగా నుండును. యాంటిమొనీ కలిపిన పాత పద్ధతి ప్లేట్లు గలవానిలో ఎక్కువ. వేడి ఏ పది డిగ్రీలు పెరిగినను ఈ తరుగుదల ఇంచుమించు రెట్టింపగును. మన తీరమున వేసవిలో రేకుల కప్పు క్రింద గది ఎట్లు కాగునో చెప్పనక్కరలేదు. జూన్ నుండి అక్టోబరు వరకు ఆ గదిలో నుంచిన బ్యాటరీ, అంతకు ముందు దుకాణమున ఎన్ని నెలలుండెనో ఎవరికి తెలియును?

బ్యాటరీ దగ్గరలోనే తయారగుటయు దీనికి రక్ష కాదు. విజయనగరము జిల్లా పూసపాటిరేగ మండలమున కందివలస వద్ద బ్యాటరీ కర్మాగారము గలదు. కాని పక్క ఊరినుండి వచ్చినదైనను, పరరాష్ట్రమునుండి వచ్చినదైనను, దుకాణపు అలమారలో ఆరునెలలున్న బ్యాటరీ ఆరునెలల వయస్సు గలదే. దాని క్రొత్తదనము మనము సొమ్ము చెల్లించిన నాడు కాక, దానిలో యాసిడ్ పోసిన నాడే ప్రారంభమైనది.

మా బావగారి బండి లెక్కను చూడుడు. అది 35 యాంపియర్ అవర్ల బ్యాటరీ. నిండుగా నున్నచో 35 పాళ్లున్నవనుకొందము. సగము తరిగినచో మిగులునవి సుమారు పదునేడు. ఒక సెల్‌ఫోను నిండుటకు కారు బ్యాటరీనుండి ఒక యాంపియర్ అవరు కంటె కొంచెము ఎక్కువ పోవును. పది ఫోనులకు పండ్రెండో పదమూడో యగును. నిండు బ్యాటరీ యైనచో అంత ఇచ్చియు ఇరువది రెండు పాళ్లు మిగుల్చుకొని ఇంజనును సులభముగా త్రిప్పియుండును. సగము బ్యాటరీకి మిగిలినవి నాలుగైదే. ఆ స్థితిలో సెల్ఫు కొట్టిన వేళ కావలసిన పెద్ద ప్రవాహమును అది ఇయ్యజాలదు. తుపానుగాని, ఫోనులుగాని కారణము కాదు. బిగించునాటికే అది సగము ఖాళీ.

బండి నడచుచుండగా దానిలోని ఆల్టర్నేటరు బ్యాటరీని నింపును గదా యని కొందరందురు. నింపును, కాని పూర్తిగా కాదు. ఖాళీ బ్యాటరీ మొదట ఆబగా విద్యుత్తును గ్రహించును. నిండుచున్న కొలది గ్రహణశక్తి తగ్గును. చివరి అయిదవవంతు నిండుటకు గంటలు పట్టును. శ్రీకాకుళమునుండి నరసన్నపేటకు పోయి వచ్చునంత మాత్రమున, అందును లైట్లు, ఫ్యాను, ఏసీ వేసికొని పోయినచో, సగము బ్యాటరీ నిండదు. ఇంటినుండి బజారునకు, బజారునుండి ఇంటికి తిరుగు బండి సంగతి చెప్పనేల? అట్టి బ్యాటరీ బ్రతికినన్నాళ్లును అర్ధాకలితోనే బ్రతుకును. మూడు నాలుగేండ్లు రావలసినది ఏడాదిన్నరకే చేతులెత్తివేయును.

ఇట్టి జాగ్రత్తలు మన పెద్దలకు తెలియనివి కావు. మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు 1955లో ప్రారంభమైనది. 1963లో విశాఖపట్టణమున ఆకాశవాణి కేంద్రము వెలసిన నాటికి కూడ మన ప్రాంతమున పెక్కు పల్లెలకు కరెంటు లేదు. ఆ దినములలో కొన్ని వాల్వు రేడియోలు ఆరు వోల్టుల కారు బ్యాటరీతోనే పలికెడివి. దానిని సైకిలుపై కట్టుకొని పట్టణమునకు పోయి, ఛార్జింగుకొట్టులో ఇచ్చి, మరల తెచ్చుకొనెడివారు. ఆ కాలపు కొత్త బ్యాటరీలు చాలవరకు యాసిడ్ లేక పొడిగా వచ్చెడివి. కొట్టువాడు యాసిడ్ పోసి రెండు మూడు దినములు సన్నని ప్రవాహముతో తొలి ఛార్జి చేసి గాని అప్పగించెడివాడు కాడు. నేడు కర్మాగారమే ఆ పనిని పూర్తిచేసి పంపుచున్నందున, మనము ఆ అలవాటును మరచితిమి. కాని దారిలోను, దుకాణములోను జరుగు తరుగుదలను ఏ కర్మాగారమును ఆపలేదు.

ఇక చేయవలసిన పనులు. మొదటిది దుకాణముననే ప్రారంభమగును. బ్యాటరీపై తయారైన నెల, సంవత్సరము తెలుపు అంకెలు ముద్రింపబడి యుండును. అవి ఎచట నున్నవో, వాని అర్థమేమో అమ్మువానిని అడిగి తెలిసికొనుడు. మూడు నెలలలోపుది దొరికినచో మేలు. తరువాత మల్టీమీటరుతో వోల్టులు కొలిచి చూపుమనుడు. అందు సంకోచమేల? బియ్యము కొనునపుడు గుప్పెడు తీసి చూడమా? ఛార్జి నుండి తీసి కొన్ని గంటలు విశ్రాంతిగా నున్న బ్యాటరీ 12.6 వోల్టులు, అంతకు పైన చూపినచో నిండుగా నున్నట్లు. 12.4 ముప్పాతిక. 12.2 సగము. 12.0 పావు. నాలుగు పదవ వంతుల వోల్టుల తేడాలో సగము బ్యాటరీ పోయినదని గ్రహింపుడు. "పన్నెండు వోల్టులు చూపుచున్నది, బాగున్నది" అను మాట విని మోసపోరాదు. పన్నెండనగా దాదాపు ఖాళీయే.

కొన్ని బ్యాటరీలపై ఒక చిన్న గాజుకన్ను ఉండి, ఆకుపచ్చగా కనబడినచో బాగున్నదందురు. ఆ కన్ను ఆరు గదులలో ఒక్కదానినే చూడగలదు. తక్కిన ఐదింటి సంగతి దానికి తెలియదు. మూతలు విప్పు వీలున్న బ్యాటరీకి హైడ్రోమీటరే నిజమైన సాక్షి. నిండు బ్యాటరీలో యాసిడ్ సాంద్రత, తయారీదారు నిర్ణయమును బట్టి, 1.240 మొదలు 1.280 వరకు నుండును. మన వంటి ఉష్ణప్రదేశములలో తక్కువ అంకెనే ఎక్కువగా వాడుదురు. అన్ని గదులును ఇంచుమించు సమానముగా చూపవలెను. ఒక గది తక్కిన వానికంటె 0.050 తక్కువ చూపినచో ఆ గదిలో లోపమున్నదని అనుమానింపవలెను.

బ్యాటరీ 12.5 వోల్టులకు తక్కువ చూపినచో బిగించుటకు ముందు ఛార్జి చేయుడు. ఇంట మంచి ఛార్జరు లేనిచో ఛార్జింగుకొట్టులో ఇయ్యవచ్చును. కాని "గంటలో ఇచ్చెదము" అను వేగపు ఛార్జింగు వద్దనుడు. బ్యాటరీ సామర్థ్యములో పదవ వంతుకు మించని ప్రవాహము మేలు. 35 యాంపియర్ అవర్ల బ్యాటరీకి మూడున్నర యాంపియర్లు. అది సగము ఖాళీగా నున్నచో పూరింపవలసినది పదునెనిమిది, వృథాతో కలిసి ఇరువది యాంపియర్ అవర్లు. ఆ లెక్కన ఆరు గంటలు చాలునని తోచును గాని, చివర ప్రవాహము సన్నగిల్లును గనుక ఒక రాత్రి పట్టునని భావింపుడు. దీనికగు కరెంటు అర యూనిట్టు కూడ కాదు. వేల రూపాయల వస్తువునకు అర యూనిట్టు కరెంటు భారమా?

ఛార్జి చేయు చోటును ఎంచుకొనుటలో మిక్కిలి జాగ్రత్త వలయును. నిండు దశకు వచ్చునపుడు బ్యాటరీనుండి హైడ్రోజన్ వాయువు వెలువడును. అది గాలిలో నూటికి నాలుగు పాళ్లు చేరినను నిప్పురవ్వ తగులగానే ప్రేలును. కావున వంటగదిలోను, దీపము వెలుగు పూజగది పక్కను, దోమలచుట్ట కాలుచున్న పడకగదిలోను ఈ పని కూడదు. ఎండ, వాన తగులని వరండా మేలు. పొగ త్రాగువారిని దూరముంచుడు. పిల్లలను అసలు రానీయకుడు. ఉంగరములు, వాచీ, లోహపు గాజులు తీసి పక్కన పెట్టుడు. ఉంగరము రెండు ధ్రువముల నడుమ తగిలినచో క్షణములో ఎఱ్ఱగా కాగి వేలు కాల్చును.

ముందు ఛార్జరు ఆపియుండగనే ఎఱ్ఱ క్లిప్పును ధనధ్రువమునకు, నల్లదానిని ఋణధ్రువమునకు తగిలింపుడు. ఆ తరువాతనే స్విచ్చి వేయుడు. ముగించునపుడు ముందు స్విచ్చి ఆపి, తరువాత క్లిప్పులు తీయుడు. ఈ క్రమము తప్పినచో క్లిప్పు వద్ద పుట్టు రవ్వయే వాయువును అంటించును. నడుమ నడుమ చేతితో బ్యాటరీ ప్రక్కను తాకి చూడుడు. గోరువెచ్చదనము సహజమే. చేయి పెట్టలేనంత వేడి యైనచో వెంటనే ఆపి చల్లారనిండు. మూతలున్న బ్యాటరీలో అన్ని గదులును సమానముగా బుడగలు విడుచుచు, గంటకొకసారి చొప్పున మూడుసార్లు కొలిచినను సాంద్రత పెరుగకున్నచో నిండినట్లు. మూతలు లేని సీలు బ్యాటరీకి, ఎ.జి.ఎమ్. రకమునకు తగిన అమరిక గల ఛార్జరునే వాడుడు. వానిని హద్దు మీరి ఛార్జి చేసినచో పోయిన తడిని తిరిగి పోయు దారి లేదు.

ఛార్జి ముగిసిన పిమ్మట ఆ రాత్రి విశ్రాంతిగా నుంచి, తెల్లవారి మరల కొలువుడు. 12.6 నిలిచినచో బ్యాటరీ ఆరోగ్యముగా నున్నది. నిండుగా ఛార్జి చేసినదియే ఉదయమునకు 12.4కు దిగినచో అందు జన్మలోపమున్నది. బండికి బిగింపక ముందే తెలిసినది గనుక దుకాణమునకు మరలించి మార్పించుకొనుట సులభము. ముందు ఛార్జి చేయుటలో గల రెండవ లాభమిది.

మోటారుసైకిళ్లకు, కొన్ని ట్రాక్టర్లకు నేటికిని పొడి బ్యాటరీలు వచ్చుచున్నవి. వానిలోని ప్లేట్లకు కర్మాగారముననే ఛార్జి చేసి, ఆరబెట్టి, గాలి చొరకుండ మూసి పంపుదురు. బండికి బిగించు దినము వచ్చువరకు వాని సీలు విప్పరాదు. విప్పినప్పుడు తయారీదారు చెప్పిన సాంద్రత గల యాసిడ్‌నే గుర్తు వరకు పోయుడు. అరగంట యుంచినచో ప్లేట్లు పీల్చుకొని మట్టము దిగును. తగ్గిన మేరకు అదే యాసిడ్ మరల పోసి, కాగితములో వ్రాసినంత సేపు సన్నగా ఛార్జి చేయుడు. మోటారుసైకిలు బ్యాటరీ గాలిగొట్టము మూతికి చిన్న రబ్బరు మూత యుండును. దానిని తీసివేయుట మరువరాదు. మరచినచో వాయువు బయటికి పోలేక పెట్టె పగులును. యాసిడ్‌తో పని చేయునపుడు కంటికి అద్దములు, చేతికి రబ్బరు తొడుగులు వలయును. కంటబడినచో ధారాళముగా పావుగంటకు తక్కువ కాకుండ నీటితో కడిగి వైద్యుని వద్దకు పోవలెను.

మొదటిసారి తరువాత బ్యాటరీలో యాసిడ్ పోయరాదు. ఈ సూత్రమును మరువకుడు. వాడుకలో ఆవిరియై పోవునది నీరే కాని యాసిడ్ కాదు. కావున డిస్టిల్డ్ వాటరే పోయవలెను. అదియు ఛార్జి నిండిన పిమ్మట, ప్లేట్లు మునిగి గుర్తు వరకు వచ్చునంతే. ముందే నిండుగా పోసినచో ఛార్జి అగునపుడు పొంగి పొరలును. బావినీరు, కొళాయినీరు, సీసాలో అమ్ము త్రాగునీరు పనికిరావు. సముద్రతీరపు బావులలోని ఉప్పు ప్లేట్లకు విషము. ఏసీ యంత్రమునుండి కారు నీరు శుద్ధమని కొందరు పట్టి పోయుదురు. ఆ నీరు దుమ్ముపట్టిన రాగి, అల్యూమినియము రేకులను కడుగుకొని వచ్చినది. చవకయని దానిని వాడరాదు.

వెంటనే బిగింపక నిలువ యుంచవలసివచ్చినచో ఎట్లు? నిటారుగా, నీడ గల చల్లని చోట, పిల్లలకు అందని ఎత్తున నుంచుడు. బ్యాటరీని సిమెంటు నేలపై పెట్టినచో ఛార్జి నేలలోనికి దిగిపోవునని మన పెద్దలు గోనెసంచియో, చెక్కపలకయో వేసెడివారు. ఆ కాలపు పెట్టెలు గట్టిరబ్బరు మొదలగు వానితో చేసినవి. పైన ఒలికిన యాసిడ్, నేల చెమ్మ కలిసి సన్నని త్రోవ యేర్పడుట నాడు సంభవమే. నేటి ప్లాస్టిక్ పెట్టెలకు ఆ భయము లేదు. అయినను చెక్క వేయుట తప్పు కాదు. నేల చెమ్మ అంటదు. తప్పెచటనన్న, చెక్క వేసితిమి గనుక ఛార్జి నిలుచునని నమ్మి మరచిపోవుటలో. చెక్క వేసినను వేయకున్నను నెలకొకసారి కొలువవలెను. 12.4కు దిగిన దానిని మరల నింపవలెను. చేసినదింతే యైనను, మా బావగారి బ్యాటరీ ఆ అక్టోబరులో మమ్ము నిలువునా ముంచెడిది కాదు.

బిగించు దినమున, బండిలోని అరను తుడిచి, పాతది తీయునపుడు ముందు ఋణధ్రువపు తీగను విప్పుడు. కొత్తది బిగించునపుడు ముందు ధనధ్రువపు తీగను, చివర ఋణధ్రువపు తీగను బిగింపుడు. బండి శరీరము ఋణధ్రువమునకు కలుపబడి యుండును గనుక, ఈ క్రమము తప్పి పానా ఇనుమునకు తగిలినచో పెద్ద రవ్వ లేచును. తీగలను తారుమారుగా తగిలించినచో నేటి బండ్లలోని ఎలక్ట్రానిక్ పరికరములు ఒక్క క్షణములో కాలిపోవును. బ్యాటరీ కదలకుండ పట్టీని గట్టిగా బిగింపుడు. గతుకుల త్రోవలో ఊగు బ్యాటరీలో ప్లేట్ల పూత రాలిపోవును.

కళింగపట్నము, బారువ, భావనపాడు వంటి తీరగ్రామములలో ఉప్పుగాలికి టెర్మినళ్లపై తెల్లని, పచ్చని బూజువంటి పొర త్వరగా పట్టును. మూతలు గట్టిగా మూసియుంచి, తినే సోడా కలిపిన నీటితో తోమి, మంచినీటితో కడిగి, ఆరిన పిమ్మట తీగలు బిగించి, పైన కొంచెము వ్యాసలీను పూయుడు. సోడానీరు లోనికి పోయినచో యాసిడ్ చెడును. జాగ్రత్త.

పాత బ్యాటరీని ఇంట నుంచవలదు. సీసము విషము. పిల్లల మెదడు ఎదుగుదలకు అది మిక్కిలి హానికరము. వలలకు సీసపు గుండ్లు పోసికొనుటకై పాత ప్లేట్లను పెరటిలో కరగించుట ఇంటిల్లిపాదికిని అపాయము. 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నిబంధనలు పాత బ్యాటరీలను తిరిగి సేకరించు బాధ్యతను తయారీదారులపై నుంచినవి. కొత్తది కొనునపుడే పాతదానిని దుకాణమున అప్పగించినచో వెల కొంత తగ్గును, ఇల్లును శుభ్రముగా నుండును.

ఇంత చెప్పినను సారాంశము కొద్దియే. కొన్ననాడు కొలువుడు. తక్కువైనచో నింపుడు. నిలువ యుంచినచో నెలకొకసారి చూడుడు. మన తీరమునకు తుపానుల భయము ఎక్కువగా అక్టోబరు, నవంబరు నెలలలో నుండును. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ అక్టోబరులోనే వచ్చినవి. కావున బండిలో నున్నదైనను, మూల నున్నదైనను, సెప్టెంబరు చివర ఒకసారి బ్యాటరీని కొలిచి నింపి యుంచుట ప్రతి గృహస్థునకును మంచిది. కరెంటు పోయిన ఊరిలో వైద్యునికి, మందునకు, మాటకు కూడ ఆ పెట్టెయే ఆధారము కావచ్చును.

మా బావగారి ఇంట గోడమీద కాలెండరు ప్రక్కన ఇప్పుడొక కాగితము వ్రేలాడుచున్నది. అందు నెలకొక వరుస యుండును. తేదీ, వోల్టులు. మొదటి వరుసను వ్రాయించినది ఆ పెద్దావిడయే.